మొదటి బొట్టు, దాదర్ మీదుగా

మా కోరుట్లలో బొంబాయి తెలియనివాళ్ళు లేరు. తెలిసినవాళ్ళు కూడా లేరని నాకు ఈ మధ్యే అర్థమైంది.

ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు అక్కడికి పోయి సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపి వచ్చినవారే. లేదంటే గల్ఫ్ విమానం కోసం ఏదో గదిలో చాప మీద పడుకుని వచ్చినవారు. అందుకని ఆ ఊరి మీద మావాళ్ళకు ఉన్న ధైర్యం అంతా ఇంతా కాదు. "మా తమ్ముడు బొంబాయిల ఉంటడు" అని ఎవరైనా అంటే ఆ తమ్ముడు భివండిలో ఉండవచ్చు, కల్యాణ్‌లో ఉండవచ్చు, పన్వేల్ దాటి ఏ గుట్ట పక్కనో ఉండవచ్చు. సముద్రపు గాలి కూడా సోకని చోటైనా సరే, అది బొంబాయే. ఇక్కడ మాత్రం జగిత్యాలవాళ్ళను కోరుట్లవాళ్ళని అంటే ముఖం మాడ్చుకుంటారు.

నేను పుట్టింది సిరిసిల్లలో. బడికి పోలేదు. మా నాయనే సాంచాల చప్పుడు మధ్య గోడ మీద సుద్దముక్కతో అక్షరాలు రాసి చదివించారు. ఆ చప్పుడును మించి చదవాలి కనుక ఇప్పటికీ నాకు మెల్లగా చదవడం రాదు. పొద్దున పూజలో దేవుడికి కూడా గట్టిగానే వినిపిస్తాను. ఆ చదువు పెట్టిన నాయనకు, విని ఊరుకునే దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. బడికి పోనందువల్ల నాకొక మేలు జరిగింది. ఎవరైనా అన్నీ తెలిసినట్టు మాట్లాడుతుంటే, నాకు తెలియదు కదా అని నోరు మూసుకుని వినే అలవాటు పడింది. మా బావ ఉన్న ఇంట్లో అది పెద్ద ఆస్తి.

బావ అంటే మా ఆయనకు అన్న. ఈమధ్య నా కూతురి పెళ్ళి కుదిరింది. జగిత్యాలలో ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నాం. మా ఆయన మస్కట్‌లో ఉంటారు, పెళ్ళి ముందుకు గానీ సెలవు దొరకదు. కాబట్టి పిలుపుల పెత్తనం బావ తీసుకున్నారు. మేం ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నారు.

మా దిక్కు పెళ్ళికి పిలవడమంటే పత్రిక పంపడం కాదు. కుంకుమ భరిణె పట్టుకుని గడప దాకా పోవాలి, ఆ ఇంటి ఆడవాళ్ళ నొసట బొట్టు పెట్టి నోటితో చెప్పాలి. ఫోన్లో చెబితే విన్నట్టే గానీ పిలిచినట్టు కాదు. మొదటి పత్రిక వేములవాడ గుడిలో రాజన్న పాదాల దగ్గర పెట్టి వచ్చాం. ఆయనకు ముందు పెట్టినా, వెనక పెట్టినా అలగడు. ఎవరికి ముందు పెట్టారని అడగడు. ఫోటో తీసి పదిమందికి పంపడు. మనుషుల దగ్గరికి వచ్చేసరికే కష్టం.

ఆ కష్టానికి కారణం మా పెద్ద వదిన, మా ఆయనకూ బావకూ అక్క. పెళ్ళయిన నాటి నుంచి బొంబాయిలోనే ఉంది. చాలాకాలం వర్లీలోని ఒక చాలిలో, అంటే వరస గదుల పాత బిల్డింగులో ఉండి, ఇప్పుడు కొడుకు కొన్న ఇంట్లో వసాయిలో ఉంటోంది. నా బిడ్డ పుట్టినప్పుడు నేను మంచం పట్టాను. బతుకుతానని ఇంట్లో ఎవరూ అనుకోలేదట. ఆమె తన పొయ్యి ఆర్పుకుని వచ్చింది. నేను లేచి కూర్చునేదాకా నా బిడ్డ ఆమె ఒడిలోనే ఉంది. ఆ రుణం తీర్చుకుందామని నేనెప్పుడూ అనుకోలేదు, అలాంటివి తీర్చుకునేవి కావు. తలుచుకుని దండం పెట్టుకోవలసినవి.

అయితే బావ కొడుకు పెళ్ళికి బావ ఆమెకు ఫోన్లో పత్రిక పంపి ఊరుకున్నారు. ఆమె బదులుగా బొటనవేలు గుర్తు పంపింది. పెళ్ళికి మాత్రం రాలేదు. ఆ బొటనవేలు ఇప్పటికీ మా ఇంటి మీద నిలబడే ఉంది.

ఇప్పుడు నా బిడ్డ ఒకటే మాట. మా ఇళ్ళలో పెళ్ళిపనులు పసుపు కొట్టడంతో మొదలవుతాయి. రోకలి మొదటి పోటు ఆ ఇంటి ఆడబిడ్డ, అంటే పెళ్ళికూతురి మేనత్త, వేయాలి.

"అత్త అచ్చి పసుపు కొట్టకుంటే నేను పీటల మీద కూసోనమ్మా. ఇగ మీ ఇష్టం" అంది.

అందరం కూర్చుని ఆలోచించి, మొదటి బొట్టు పెద్ద వదినకే పెడితే ఆమె కోపం దిగుతుందని తేల్చాం. ఆమెను అడగలేదు. మా పెద్దవాళ్ళకు ఎదుటివాళ్ళ కోపానికి కారణం కూడా తామే చెప్పడం అలవాటు.

బావ వాకిట్లో సుద్దముక్కతో బొంబాయి వేసి చూపించారు. కిందికి సన్నబడిన ముల్లంగి ఒకటి, దాని పైన ఆకులు గీశారు. ముల్లంగి చుట్టూ సముద్రం. నడుమ ఒక చుక్క పెట్టారు.

"గిదీ దాదర్. బొంబాయిల ఎటు పోవాలన్నా దాదర్‌కు పోవాలె. గంతే. మిగిలినదంత నా అరచేతుల ఉన్నది."

"గా పైన ఆకులేంది?" అని ఆయన భార్య అడిగింది. ఆమె నాకు తోడికోడలు, అక్కా అని పిలుస్తాను.

"గవి భివండి, కల్యాణ్, వసాయి, విరార్. ఊరవతల. గాడ మనకేం పని?"

మేం పిలవవలసినవాళ్ళంతా ఆకుల్లోనే ఉన్నారు. ముల్లంగిలో ఒక్కరూ లేరు. ఆ మాట అక్క అనబోయి నా ముఖం చూసి ఆగిపోయింది.

బొంబాయి బస్సు జగిత్యాలలో బయల్దేరి కోరుట్లకు వచ్చేసరికే బియ్యం మూటలతో, మామిడికాయ తొక్కు డబ్బాలతో నిండిపోయి ఉంటుంది. ఆ బస్సును చూస్తే బొంబాయిలో అన్నం దొరకదేమో అనిపిస్తుంది. మేం ముగ్గురం ఎక్కాం. భరిణె నా ఒళ్ళో ఉంది. నాసిక్ దిక్కు నుంచి వచ్చే ఆ బస్సుకు ముల్లంగి కన్నా ముందు ఆకులే తగులుతాయి. పొద్దున్నే భివండి వచ్చింది. బైపాస్ దగ్గర ఆటో ఆపుకుని ఒకామె నిలబడి ఉంది. బావకు చిన్నాయన కూతురు, నాకు వరసకు వదిన. మేం వస్తున్నామని అక్క నోరు జారి ఫోన్లో చెప్పిందట.

"ఏందే అన్నా! మా ఇంటి ముంగటికెల్లి పోతూ మొకం అటు దిప్పుకుంటవా?" అని బస్సు మెట్టెక్కి మరీ అడిగింది భివండి వదిన.

"గట్ల కాదు చెల్లె, ముందుగాల అక్కతానికి పోవాలె. రేపు మీ ఇంటికి..."

"ఒక్క చాయ్ తాగితె మీ అక్క ఇల్లు లేసిపోతదా? దిగుర్రి, దిగుర్రి. డ్రైవర్ సాబ్, గీళ్ళ సంచులు దించు."

దిగాం. ఆమె ఇంటి సందులోకి పోతే రెండు పక్కలా సాంచాల చప్పుడు, గోడల మీద తెలుగు రాతలు. అంత దూరం ప్రయాణం చేసి మా నాయన ఇంటి వెనక సందులోనే దిగినట్టుంది. ఆ చప్పుడుకు నా నోరు దానంతటదే గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టింది. దూరం పోయినా దేవుడు నన్ను పరాయిచోట పడేయలేదని సంతోషించాను. ఆ సంతోషం చాయ్ వచ్చేదాకే.

చాయ్ ఇచ్చిన భివండి వదిన, పట్టుచీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చి పీట వేసుకుని నా ముందు కూర్చుంది. నొసలు ముందుకు పెట్టింది.

"అట్ల సూస్తవేందే మరదలా? పెండ్లి భరిణె ఇంట్లకు తెచ్చి, బొట్టు పెట్టకుంట ఎనుకకు తీస్కపోతరా? మంచిదేనా గది?"

మంచిది కాదు. అది మాకూ తెలుసు, ఆమెకూ తెలుసు, అందుకే చాయ్ పెట్టింది. నేను బావ వైపు చూశాను. అన్నీ తెలిసిన బావ ఫ్యాను రెక్కలను చూస్తున్నారు. నేను రాజన్నను తలుచుకుని బొట్టు పెట్టాను. కుంకుమ ఆరకముందే ఆమె ఫోటో తీసుకుని కులపోళ్ళ వాట్సప్ గ్రూపులో పెట్టింది. కింద రాసింది కూడా నేను చదివాను, గట్టిగానే: "బొంబాయిల మొట్టమొదటి బొట్టు మాకే."

ఆ గ్రూపులో పెద్ద వదిన ఉంది. నేను వెంటనే ఆమెకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఇక రోకలి ఎవరు పడతారో, నా బిడ్డకు ఏం చెప్పాలో తెలియక చాయ్ గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

"అయ్యిందేదో అయ్యింది, తొందరగ పోండ్రి" అన్నాడు భివండి వదిన భర్త. ఆ ఇంట్లో నిదానమైన మనిషి ఆయనొక్కడే. "కామన్ అని ఊరున్నది, గా రోడ్డు మీదికెల్లి సీదా పోతే గంటన్నరల వసాయి. బస్సులు గూడ ఉంటయి."

బావ నవ్వారు. "నీకు తెల్వది. వసాయి వెస్టర్న్ రైలు లైను. మనం సెంట్రల్ దిక్కున్నం. లైను మారాలంటె దాదర్ పోవాలె. గిది సిన్న పిల్లగాడు సెప్తడు."

"ఫోన్ల మ్యాపు గూడ గట్లనే అంటున్నది. సీదా తొవ్వ ఉన్నదట" అని అక్క ఫోను చూపించింది.

"ఫోను బొంబాయిల ఉన్నదా ఎన్నడన్న? నేనున్న."

ఆయన ఉన్నారు, నిజమే. ఆయన పెళ్ళికి ముందు. అప్పటి బొంబాయినే అరచేతిలో పెట్టుకుని ఆయన ఇంటికి వచ్చేశారు, వెనక ఉండిపోయిన ఊరు మాత్రం ఆయన కోసం ఆగకుండా ఉత్తరానికి పెరుగుతూ పోయింది.

భివండి నుంచి కల్యాణ్ పోయాం. కల్యాణ్‌లో రైలెక్కి దక్షిణానికి దాదర్ పోయాం. ఆడవాళ్ళ డబ్బాలో నేనూ అక్కా ఒకరి భుజం ఒకరం పట్టుకుని నిలబడ్డాం. ఎదురు రైళ్ళు, పక్క రైళ్ళు, నెమ్మదివి, తొందరవి, అన్నీ పైనుంచి కిందికి, కింది నుంచి పైకి. అడ్డంగా పోయేది కనబడదు. పడుగు మొత్తం పోసి, పేక వేయడం మరిచి మగ్గం దిగిపోయిన నేతగాడిలా ఉన్నారు ఆ ఊరు కట్టినవాళ్ళు. ఇప్పుడు గుర్తొచ్చి మెట్రో పేరుతో ఎక్కడికక్కడ తవ్వుతున్నారు. మా నాయన అయితే అలాంటి బట్టను బేరానికి కూడా పెట్టనిచ్చేవారు కాదు.

దాదర్‌లో జనం మమ్మల్ని దించారు. మేం దిగలేదు, వాళ్ళే దించారు. వంతెన మీద నిలబడి బావ గుండెల నిండా గాలి పీల్చుకున్నారు.

"గింత దూరమచ్చినం గదా, వర్లీల అక్క వాళ్ళ చాలి సూపిస్త. మనోళ్ళు ఎవలన్న ఉండకపోరు."

"మనకిప్పుడు పెద్ద వదినె కావాలె బావా, చాలి కాదు" అన్నాను. అన్నానే గానీ అప్పటికే టాక్సీ ఆగింది.

చాలి ఉన్న చోట మెడ నొప్పెట్టేంత ఎత్తున మేడ లేచి ఉంది. గేటు దగ్గర కాపలావాడు ఏ అంతస్తుకు పోవాలని హిందీలో అడిగాడు. బావ అంతస్తు అనేది లేని కాలం గురించి అతనికి చెప్పబోయారు. అతను మాకు పక్కకు జరగమని చేయి చూపించాడు, వెనక కారు వస్తోందట. ఒకప్పుడు ఇక్కడ మావాళ్ళంతా ఒకే వరండాలో బతికారు. నేల ధర పెరిగిన కొద్దీ ఒక్కొక్కరే రైలు పట్టాల వెంబడి పైకి జరిగారు. ఒకరు భివండికి, ఒకరు కల్యాణ్‌కు, పెద్ద వదిన వసాయికి. నగరాన్ని నేసినవాళ్ళను దాని అంచుకు పంపేసి, పనికి మాత్రం పొద్దున్నే మళ్ళీ నడుముకు రమ్మంటుంది ఆ ఊరు. అన్ని రైళ్ళు ఎందుకో నాకప్పుడు తెలిసింది.

రెండు మేడల సందులో, చీర అంచంత వెడల్పున సముద్రం కనిపించింది. అంత పెద్దదాన్ని దేవుడు అందరికీ ఇచ్చాడు. దాని ఎదుట ఇల్లు కట్టుకున్నవాళ్ళు మాకు అంచు మిగిల్చారు. ఆ అంచుకే నిలబడి దండం పెట్టుకున్నాను.

మళ్ళీ దాదర్, మళ్ళీ రైలు, ఈసారి విరార్ పోయేది. కిందికి వచ్చినదంతా ఇంకో గీత మీద పైకి పోతున్నాం. వసాయి ముందు రైలు పెద్ద నీళ్ళను దాటింది. సముద్రం నుంచి లోపలికి వచ్చిన పాయ అట. వర్లీలో దొరకని నీళ్ళన్నీ అక్కడున్నాయి. పక్కనున్న ఒక మరాఠీ ఆవిడ వాడిన పూలు ఆ నీళ్ళలోకి విసిరి కళ్ళు మూసుకుంది. ఆమెతోపాటు నేనూ చేతులు జోడించాను. వదిన తలుపు తీస్తే చాలు, ఇంకేమీ అడగనన్నాను.

వసాయిలో బావ పడమర వైపు దిగి చాలాసేపు నడిపించారు. అక్కడ ప్రతి స్టేషన్‌కూ తూర్పొకటి, పడమరొకటి. ఒకవైపు వాళ్ళకు రెండోవైపు వేరే ఊరు కిందే లెక్క. వదిన ఇల్లు తూర్పున. మళ్ళీ వంతెనెక్కి దిగాం.

పెద్ద వదిన తలుపు తీసింది. ముగ్గురినీ పైనుంచి కింది దాకా చూసింది. మంచినీళ్ళిచ్చింది. మేం తాగాక ఖాళీ గ్లాసులు తీసుకుంది.

"పొద్దుగాల భివండిల బొట్టు పెడితిరి. గిప్పుడు దీపాలు పెట్టే యాల్లయ్యింది. ఎటుకెల్లి అచ్చిర్రు?"

"దాదర్ మీదికెల్లి అక్కా" అన్నారు బావ.

"భివండికెల్లి వసాయికి దాదర్ మీదికెల్లా?" ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "కోరుట్లకెల్లి పక్కపొంటి మెట్‌పల్లికి పోనీకె కరీంనగర్ పోతవారా నువ్వు?"

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఇక ఆలస్యం చేయకూడదని భరిణె తీసి ముందుకు పోయాను. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. నాకేం బొట్టు?"

"తప్పయ్యింది అక్కా" అన్నారు బావ. ఆయన నోట ఆ మాట నేను మొదటిసారి విన్నాను. "మొదటి బొట్టు నీకే అనుకున్నం. గా చెల్లె బస్సులకెల్లి గుంజి..."

"మొదటిదైతేంది, ఆఖరిదైతేంది? బొట్టు పెట్టి పిలువనీకె నేను సుట్టాన్నా? మన ఇంటి పెండ్లికి నన్ను పిలుసుడేందిరా? నన్ను ఎంట తీస్కపోయి నాతోటి పిలిపియ్యాలె గాని! నీ కొడుకు పెండ్లప్పుడు గూడ గంతే. పిలిసెటోళ్ళల్ల నేను లేకపోతి, నీ ఫోన్ల ఒక నంబరునైతి. ఇయ్యాల దానికన్న ముందు పెడుతనని అచ్చినవా? ముందు పెట్టినా సుట్టమే గదరా!"

బావ దగ్గర దానికి దారి లేదు. దాదర్ మీదుగా కూడా లేదు. మేం ఇంతమందిమి కూర్చుని ఆమె కోపానికి కట్టిన కారణం మొత్తం తప్పని తెలిసి నాకు తల వంగిపోయింది. చేతిలో భరిణె ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"వదినె," అన్నాను, "నువ్వు రాకుంటె బిడ్డ పీటల మీద కూసోనన్నది."

"కూసోకుంటె సెవు పట్టి కూసోవెడుత. అదెవలనుకున్నది? నా సేతుల పెరిగింది." చేయి ముందుకు చాచింది. "ఇటియ్యి భరిణె."

ఇచ్చాను. ఆమె మూత తీసి, ముందు నా నొసట బొట్టు పెట్టింది. తర్వాత అక్కకు పెట్టింది.

"రేపటికెల్లి నేను పెడుత. మీరిద్దరు పల్లెం పట్టుకొని నా పక్కపొంటి ఉండుర్రి. ముందుగాల భివండి."

"భివండి అయిపాయె గదక్కా" అన్నారు బావ.

"నువ్వు నోరు మూస్కొని సంచి పట్టు."

మర్నాడు పొద్దున వసాయి నుంచి భివండికి ఎర్ర బస్సులో పోయాం. కామన్ రోడ్డు నిండా గుంతలే. పక్కన గుట్టలు, ఆ తర్వాత కనుచూపు మేర గోదాములు. కోరుట్లలో కూర్చుని ఫోన్లో నొక్కి తెప్పించుకునే సామాన్లన్నీ అలాంటి రేకుల కిందే పడుకుని ఉంటాయట. గుంతలు ఉన్నా, భివండి నిదానపు మనిషి చెప్పిన సమయానికే చేరాం. బస్సులో ఒక్కరూ దాదర్ పేరెత్తలేదు. బావ కిటికీలోంచి ఆ రోడ్డును చూస్తూ, ఇది అప్పుడు లేదని ఒక్కసారి అన్నారు. ఎవరూ కాదనలేదు.

భివండి వదిన తలుపు తీసి, మా ముందు నిలబడ్డ మనిషిని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నిన్న మా మరదలు పెట్టింది దారిల బొట్టు. గిది ఇంటి బొట్టు" అంది పెద్ద వదిన. "ఏది, నొసలు ఇటువెట్టు."

"ఎవలన్న రెండుసార్లు పెడుతరా అక్కా?"

"దాదర్ పోయి అచ్చినోళ్ళు పెడుతరు."

భివండి వదిన ముందు మూతి ముడుచుకుంది, తర్వాత నవ్వాపుకోలేక కూర్చుండిపోయింది. బొట్టు పెట్టించుకుంది. ఈసారి చాయ్ అడగకుండానే వచ్చింది. అందరం తాగి లేచాం. తర్వాత కల్యాణ్, ఆ తర్వాత ఇంకెవరు అనేది పెద్ద వదిన వేళ్ళ మీద చెబుతూ మెట్లు దిగుతోంది. వెనకాల బావ ఆమె సంచి భుజం మార్చుకుంటూ ఆయాసపడుతున్నారు.

"గింత బరువేందక్కా? ఏం పెట్టినవ్ గిండ్ల?"

"మీ ఎంట బస్సెక్కుత. పెండ్లయ్యేదాంక నాకు బట్టలద్దా? కింద పెట్టకు, బురదున్నది."

నేను వెంటనే బిడ్డకు ఫోన్ చేశాను. సాంచాల చప్పుడులో దానికి వినిపించేలా, సందంతా వినేలా, అత్త వస్తోందని చెప్పాను. ఆ రోజు పొద్దుగూకేదాకా ఎక్కడ దిగాలో, ఏ వైపు నడవాలో బావ ఎవరికీ చెప్పలేదు. ఇంత పెద్ద ప్రాంతంలో ఆయనకు తగిన చోటు సంచి పట్టుకుని వెనక నడవడమేనని దేవుడు అంత తొందరగా తేల్చినందుకు, కల్యాణ్ పోయే ఆటోలో కూర్చుని, నోటితో కాకుండా మనసులోనే దండం పెట్టుకున్నాను.